బదనికకి ఎవరన్నా నీళ్ళు పోస్తారా?

మా పక్క అపార్టుమెంటులో ఉండే పెద్దావిడ రెండేళ్ళ క్రితం అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ రెండు ఆర్కిడ్ కుండీలు నా చేతిలో పెట్టింది. ఒకటి తెల్లపూలది, రెండోది ఊదాపూలది. అక్కడి ఎండకి అవి బతకవని ఆవిడ భయం. ఇక్కడ ఒహాయో చలిలో, అదీ నా చేతిలో, బతుకుతాయని ఎందుకనుకుందో మాత్రం నాకిప్పటికీ అర్థం కాదు. ఇండియా నించి వచ్చినవాడు కాబట్టి మొక్కలగురించి తెలిసుంటుందనుకుందేమో. నాకు తెలిసినవి జావా, డేటాబేసులు, ఒక కరివేపాకు మొక్క. ఆ కరివేపాకు కూడా రెండుసార్లు చచ్చి మూడోసారి బతికింది.

వెళ్ళేముందు ఆవిడ చెప్పింది ఒక్కటే మాట, నీళ్ళెక్కువ పోయకు అని. నేనూ బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చాక నా చదువుకున్న బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. ఆర్కిడ్ అంటే ఉష్ణమండలపు అడవి మొక్క. ఆ అడవి అంటే వేడి, చెమ్మ, వాన. మరి నీళ్ళొద్దంటుందేమిటి, పెద్దావిడ కదా, ఏదో చాదస్తం! ఇలా అనుకుని రోజూ పొద్దున్నే ఒక్కో గ్లాసు నీళ్ళు పోశాను. కింద పళ్ళెంలో నీళ్ళు నిలబెట్టాను. తెల్లపూలదాని మీద మరీ ప్రేమెక్కువై, హీటరు దగ్గర పెట్టి పైన ప్లాస్టిక్ కవరు కూడా కప్పాను.

డిసెంబరుకల్లా దాని ఆకులు పసుపెక్కాయి. క్రిస్మస్ కి ఆవిడ ఫోన్ చేసి "ఎలా ఉన్నాయి?" అంటే "బాగున్నాయండీ" అనేశాను. ఫిబ్రవరిలో ఒకరోజు నడిమి ఆకు పట్టుకుంటే అది చేతిలోకి ఊడొచ్చింది. కుండీ బోర్లిస్తే వేళ్ళన్నీ ఉడికిన సేమ్యాలా మెత్తగా, గోధుమరంగులో ఉన్నాయి. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

చేసిన పాపం చదివితే పోతుందన్నట్టు అప్పుడు పుస్తకాలు పట్టుకున్నాను. చదవగా తేలిందేమిటంటే, నేను చేసిన తప్పు కొత్తదేం కాదు. ఇదే తప్పుని, ఇదే కారణంతో, ఇంగ్లండులో మహామహులు దాదాపు ముప్ఫయ్యేళ్ళపాటు చేశారు. ఇంకా విచిత్రం, ఆ కథలో ఒక ముఖ్యమైన పాత్ర మా ఊరికి పదిమైళ్ళ దూరంలో ఉన్న సామర్లకోట నించి వెళ్ళింది.

విలియం రాక్స్‌బర్గ్ అని ఒక స్కాట్లండు డాక్టరు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో 1776లో మద్రాసు వచ్చి, 1781లో సామర్లకోట చేరాడు. పేరుకి వైద్యుడు గానీ ఆయన ప్రాణమంతా మొక్కలమీదే. అక్కడ మిరియాలు, నీలిమందు, చెరుకు పెంచి చూశాడు. మన చిత్రకారుల్ని జీతమిచ్చి కూర్చోబెట్టి, కనిపించిన ప్రతి మొక్కనీ బొమ్మ గీయించాడు. చాలా వాటికి మనవాళ్ళు పిలిచే తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. 1793లో ఆయన కలకత్తా తోటకి అధికారిగా వెళ్ళిపోయాడు. ఆ బొమ్మల్లోంచి ఎంచినవి, 1795 నించి కోరమాండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో లండన్లో మూడు పెద్ద సంపుటాలుగా వచ్చాయి. మొత్తం 300 బొమ్మలు. గీసినవాళ్ళ పేర్లు మాత్రం మనకి దక్కలేదు.

అందులో మొదటి సంపుటంలో 42వ బొమ్మ చూడండి. చెట్టుకొమ్మని పట్టుకుని వేలాడే మొక్క. మందంగా, సన్నగా, పొడుగ్గా ఉండే ఆకులు. పసుపూ గోధుమా కలిసిన రేకులమీద గళ్ళలుంగీలో ఉన్నట్టు గళ్ళు, మధ్యలో ఊదారంగు పెదవి. ఆ గళ్ళని బట్టే రాక్స్‌బర్గ్ దానికి లాటిన్లో టెస్సెలేటమ్ అని పేరు పెట్టాడు. దరిమిలా 1820లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని ఒక కొత్త ప్రజాతికి మూలంగా పెట్టుకుని, ఆ ప్రజాతికి వాండా అన్నాడు. ఆ మాట కలకత్తాలో సంస్కృతం నేర్చుకున్న విలియం జోన్స్ అంతకుముందే వాడినది. ఇక్కడ నర్సరీల్లో "వ్యాండా" అంటూ అమెరికన్లు ముచ్చటగా పలికే ఆ పేరు మన సంస్కృతపు "వందా"నే. చెట్టుమీద పెరిగే మొక్క అని అర్థం. తెలుగులో అదే బదనిక.

బదనిక అనగానే నా మట్టుకు నాకు గుర్తొచ్చేది తాతగారి మామిడితోట. ఏటా కాయ కోతలయ్యాక పాలేరు కత్తి పట్టుకుని చెట్టెక్కి బదనికలన్నీ గీకి కింద పారేసేవాడు. మేం పిల్లలం వాటిని ఈడ్చుకెళ్ళి చెరువుగట్టున పడేసేవాళ్ళం. ఇందులో ఒక చిక్కుంది. మనవాళ్ళు బదనిక అన్న పేరుతో పిలిచేవి ఒక రకం కాదు. ఒకటి కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం తాగేది. దానివల్ల నిజంగానే తోటకి చేటు. ఇంకోటి ఈ వాండా లాంటిది. ఇది కొమ్మని పట్టుకుని కూచుంటుందంతే, చెట్టు సొమ్ము ఒక్క చుక్క ముట్టదు. వానచినుకు, మంచు, గాలిలో కొట్టుకొచ్చే దుమ్ము, కొమ్మ సందుల్లో కుళ్ళిన ఆకు, ఇదే దాని తిండి. రెండిటికీ ఒకే పేరు, ఒకే కత్తి. మేం ఈడ్చుకెళ్ళినవాటిలో ఏవి ఏవో నాకు తెలీదు, కానీ గళ్ళ పూవొకటి చూసినట్టు లీలగా జ్ఞాపకం.

అసలు సంగతి ఇక్కడుంది. సంక్రాంతి వెళ్ళిందగ్గర్నించి మృగశిర కార్తె దాకా తూర్పుగోదావరిలో వానలు ఎన్ని పడతాయి? రోహిణీ ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో, మట్టి అనేది లేకుండా, గాలికి ఊగుతూ ఈ మొక్క బతుకుతుంది, పూస్తుంది. దాని వేళ్ళకి పైన తెల్లటి పొర ఒకటుంటుంది. చచ్చిపోయిన కణాల పొర అది, స్పాంజి లాంటిది. వాన పడగానే నీళ్ళు పీల్చుకుని, లోపలున్న బతికున్న వేరుకి అందిస్తుంది. తర్వాత తొందరగా ఆరిపోతుంది. ఆరాలి కూడా. ఎందుకంటే లోపలి వేరుకి ఊపిరాడాలి. ఆ స్పాంజి రోజుల తరబడి తడిగానే ఉంటే లోపలి వేరు ఊపిరందక చచ్చి కుళ్ళుతుంది. అంటే నా తెల్లపూలది నీళ్ళు తాగి చావలేదు, నీళ్ళలో ముక్కు మూసుకుపోయి చచ్చింది.

సరే, ఇంగ్లండు కొద్దాం. మొదట్లో వాళ్ళు కొంచెం దారిలోనే ఉన్నారు. రాక్స్‌బర్గ్ పుస్తకాన్ని దగ్గరుండి అచ్చువేయించిన సర్ జోసెఫ్ బ్యాంక్స్ తన తోటలో ఇలాంటి మొక్కల్ని సన్నటి పుల్లలతో అల్లిన బుట్టల్లో, నాచు వేసి వేలాడదీసేవాడు. గాలి ఆడేది, మొక్కలు బతికేవి. ఇంతలో 1818లో లండనుకి ఉత్తరాన బార్నెట్ అనే చోట విలియం కాట్లీ అనే వర్తకుడి ఇంట్లో బ్రెజిల్ నించి వచ్చిన ఒక ఆర్కిడ్ పూసింది. అరచేతంత లేత ఊదా పూవు. దాంతో డబ్బున్నవాళ్ళకి పిచ్చెక్కింది. (వేరే మొక్కలకి చుట్టిన ప్యాకింగ్‌గా అది పొరపాటున వచ్చిందని ఒక కథ అందరూ చెప్పుకుంటారు. కట్టుకథే, పంపినవాడికి అదేమిటో బాగా తెలుసు.) దానికి కాట్లియా అని పేరు పెట్టినవాడు జాన్ లిండ్లీ.

లిండ్లీ ఆషామాషీ మనిషి కాదు. ఆ కాలంలో ఆర్కిడ్ల గురించి ఆయన మాటే వేదం. ఆయన 1830లో లండన్ హార్టికల్చరల్ సొసైటీలో ఒక పత్రం చదివాడు. దాని సారాంశం: ఈ మొక్కలకి కావలసింది బాగా వేడి, దట్టమైన నీడ, విపరీతమైన చెమ్మ. సరిగ్గా నా గ్లాసు, హీటరు, ప్లాస్టిక్ కవరు! ఇంకేం, ఊరూరా జమీందారులు గాజు గదులు కట్టి, కిటికీలన్నీ బిగించి, బొగ్గుపొయ్యిలు పెట్టి, లోపల ఆవిరి నింపారు. తోళ్ళు ఊనగా మిగిలిన బెరడుపొట్టు పులిసి వేడెక్కుతుంటే అందులో కుండీలు పాతిపెట్టారు. మొక్కలు కుప్పలుకుప్పలుగా చచ్చాయి. చచ్చినకొద్దీ కొత్తవి తెప్పించారు.

అంత తెలిసినవాడు ఎందుకు పొరబడ్డాడు? ఆయన చూసింది మొక్కల్ని, అవి పుట్టిన చోటుని కాదు. మొక్కలు పంపే వేటగాళ్ళు పోటీదారులకి భయపడి ఫలానా కొండ, ఫలానా లోయ అని రాసేవాళ్ళు కాదు. వచ్చిన మొక్క ఓడ ఎక్కిన రేవుని బట్టి దాని స్వభావం ఊహించుకోవాల్సి వచ్చేది. రేవులన్నీ ఉక్కపోసే సముద్రతీరాలాయె. ఏడువేల అడుగుల కొండమీద చలిగాలిలో పెరిగినదీ, గోదావరి మైదానంలో మామిడికొమ్మ మీద ఎండినదీ, వానలాగని అడవిలో నానినదీ, అన్నీ ఒకే ఆవిరిగదిలోకి చేరాయి. మా వృత్తిలో దీన్ని రోజూ చూస్తాం. ప్రొడక్షన్ సర్వరు మొహం చూడకుండా కాన్ఫరెన్సు గదిలో కూచుని రాసిన డాక్యుమెంటుని నమ్మి కోడు రాస్తే ఏమవుతుందో నన్నడగండి.

అన్నట్టు, ఇంట్లో ఆర్కిడ్లు పెంచడమెలాగో చైనావాళ్ళు 1233లోనే పుస్తకం రాసుకున్నారు, జావో షిగెంగ్ అనే ఆయన. వాళ్ళవి నేలమీద పెరిగే రకాలు, తమ కొండల్లో తాము చూసినవి. చూసి రాసినదానికీ ఊహించి రాసినదానికీ తేడా అక్కడే ఉంది.

ఈ పొరపాటు కుండీల దగ్గరే ఆగి ఉంటే దాన్ని హాస్యంగా చెప్పుకోవచ్చు. కానీ ఇంగ్లండులో చచ్చిన ప్రతి మొక్కకీ బదులు ఇంకో మొక్క ఎక్కడో ఒక అడవిలోంచి రావాలి. 1845లో గాజుమీద పన్ను ఎత్తేశాక గాజు గదులు మధ్యతరగతి వాళ్ళకీ అందుబాటులోకొచ్చాయి. వేట పెరిగింది. కొలంబియాలో ఆర్కిడ్లు వేటాడిన ఆల్బర్ట్ మిల్లికన్ తన పని గురించి తనే 1891లో పుస్తకం రాసుకున్నాడు. రెండు నెలల్లో సుమారు 10,000 మొక్కలు పోగుచేశాడట. అందుకు సుమారు 4,000 చెట్లు నరికించాడట. కొమ్మమీది మొక్క కోసం చెట్టునే పడగొట్టడం! ఆయన దీన్ని దాచుకోలేదు, సిగ్గుపడనూ లేదు, ఓ లెక్కగా చెప్పాడంతే. మా పాలేరు కనీసం చెట్టుని బతికించడానికి గీకేవాడు.

మన దేశంలోనూ ఇదే వరస. జోసెఫ్ డాల్టన్ హుకర్ 1850లో ఖాసీ కొండల్లో తిరిగాడు, ఇప్పటి మేఘాలయలో. అక్కడ ఓక్ చెట్లమీద నీలం రంగు వాండా విరగబూసి కనిపించింది. మన సామర్లకోట గళ్ళవాండాకి చెల్లెలు అనుకోండి. హుకర్ కళ్ళున్న మనిషి. ఆ మొక్కలు పొదల్లో, నీడలో, ఆవిరిలో లేవు. ఆకులు పలచగా ఉన్న చెట్లమీద ఎండకీ, ఈదురుగాలికీ, చలికాలపు చలికీ, వానలు లేని నెలల ఎండుదనానికీ ఒళ్ళప్పగించి హాయిగా ఉన్నాయి. ఇంగ్లండులో వీటినే భయంభయంగా ఆవిరిగదుల్లో ఉడికిస్తున్నారే అని తన యాత్రాగ్రంథంలో ఆశ్చర్యపోయాడు. ఇంత చూసినవాడు మరి చేసిన పనేమిటి? ఏడుగురు మనుషులు మొయ్యగలిగినన్ని మొక్కలు పెరికించి క్యూ తోటకి పంపాడు. ప్రాణంతో చేరినవి ఏ కొన్నో. ఆయన వెంట తోటమాలిని పంపి చోటు తెలుసుకున్న ఇంకో దొర ఒక మనిషి మోత మాత్రం పంపితే, అవి వడిలిపోయి చేరినా 300 పౌన్లకి అమ్ముడుపోయాయి. ఇదంతా హుకరే రాశాడు. 

తప్పు దిద్దినవాళ్ళు పండితులు కాదు, తోటమాలులు. చాట్స్‌వర్త్‌లో డెవన్‌షైర్ డ్యూకు దగ్గర జోసెఫ్ పాక్స్టన్ అని ఉండేవాడు, రైతు బిడ్డ. ఆ డ్యూకుగారు ఫిలిప్పీన్స్ నించి వచ్చిన ఒక్క తెల్ల ఆర్కిడ్‌కి 100 గినీలు పోశాడు. నేను చంపినది ఆ జాతిదే, ఫెలనాప్సిస్. అంత ఖరీదు పెట్టి కొన్న యజమాని దగ్గర పనిచేసేవాడికి మొక్క చస్తే ఏమవుతుందో తెలుసు కదా. పాక్స్టన్ 1835లో జాన్ గిబ్సన్ అనే కుర్ర తోటమాలిని ఖాసీ కొండలకి పంపించి, అక్కడి మొక్కలతోబాటు అక్కడి సంగతులూ తెప్పించుకున్నాడు. ఒకే గది కాకుండా వేడికొకటి, చల్లదనానికొకటి వేరువేరు గదులు పెట్టాడు. కిటికీలు తెరిచాడు. నీళ్ళు తగ్గించాడు. బెంజమిన్ విలియమ్స్ అనే ఇంకో తోటమాలి 1851లో తోటపని పత్రికలో మామూలు మనుషుల కోసం వరసగా వ్యాసాలు రాసి, మర్నాడు సంవత్సరం వాటిని పుస్తకంగా తెచ్చాడు. 1860ల నాటికి చల్లటి గదిలో పెంచడమనేది అందరూ ఒప్పుకున్న పద్ధతి అయింది. 

ఇంత జరిగినా విత్తనాలతో పెంచడం మాత్రం చాలాకాలం ఎవరివల్లా కాలేదు. అడవి మీద పడటానికి అదీ ఒక కారణం. ఆర్కిడ్ కాయలో లక్షల విత్తనాలుంటాయి, కానీ అవి ఉత్త పొడి. మొలకకి తిండిగా పప్పు ఏమీ ఉండదు. ప్రోగ్రాం ఉంది గానీ లైబ్రరీలు లేవన్నమాట. ఆ తిండి ఒక బూజు అందిస్తుందని కనిపెట్టినవాడు ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్డ్ అనే కుర్రాడు, 1899లో, సైన్యంలో పనిచేస్తూ అడవిలో తిరుగుతుండగా. పాపం 1911లో, నిండా నలభై కూడా లేకుండా పోయాడు. 1922లో అమెరికాలో కార్నెల్ ప్రొఫెసరు లూయిస్ నడ్సన్ ఆ బూజు కూడా అక్కర్లేదు, సీసాలో చక్కెర కలిపిన జెల్లీ మీద చల్లితే చాలని చూపించాడు. 1960లో జార్జ్ మోరెల్ మొక్క చిగురు కొన నించి అచ్చు అలాంటి మొక్కల్నే ఎన్నైనా తీసే దారి చూపించాడు. డ్యూకుగారి 100 గినీల మొక్కకి బంధువుని ఇవాళ నేను కిరాణాకొట్లో పాల డబ్బాల పక్కన ఇరవై డాలర్లకి కొనగలగడం వీళ్ళ పుణ్యమే. అడవి జోలికి పోకుండా కూడా. 1975లో అంతర్జాతీయ ఒప్పందం ఒకటి అమల్లోకొచ్చి, ఆర్కిడ్ల కుటుంబం మొత్తం దాని కిందికి వచ్చింది.

కొట్లో కొన్న కుండీలకి వారానికి మూడు ఐసుముక్కలు వెయ్యమని చీటీ కట్టి ఉంటుంది. ఉష్ణమండలపు మొక్కకి ఐసేమిటని మొదట్లో నవ్వుకున్నాను. ఐసులో మహత్యమేమీ లేదు, నాలాంటివాడు గ్లాసు పట్టుకోకుండా చేసే ఉపాయం అది.

మార్చిలో ఒక ఆదివారం మా అమ్మకి ఫోన్ చేసి ఈ పురాణమంతా చెప్పాను. రాక్స్‌బర్గూ, లిండ్లీ అన్నప్పుడు ఊ కొట్టింది. బదనిక అనగానే మాత్రం గట్టిగా నవ్వింది.

"ఏరా, బదనికకి ఎవరన్నా నీళ్ళు పోస్తార్రా?"

"తాతగారి తోటలో ఇంకా ఉన్నాయామ్మా?"

"తోటెక్కడిది నాయనా? చెట్లు కొట్టేసి చేపల చెరువులు తవ్వి ఎన్నేళ్ళయింది! నువ్వు మొన్న వచ్చినప్పుడు చూళ్ళేదూ?"

చూశాను. చెరువు చూశాను గానీ అది ఆ తోట అని తట్టలేదు.

ఆ రోజే అరిజోనా ఫోన్ కూడా చేశాను. క్రిస్మస్ కి అబద్ధం చెప్పానని, ఒక మొక్క చచ్చిపోయిందని చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏది?" అంది. తెల్లదన్నాను. మళ్ళీ కాసేపు నిశ్శబ్దం. అది వాళ్ళాయన పోయే ముందటేడు తెచ్చిందని అప్పుడు చెప్పింది. తిట్టలేదు. పరవాలేదని కూడా అనలేదు. అక్కడ మంచు కరిగిందా అని అడిగింది. ఊదాదాన్ని ఏం చేస్తున్నావు అంది.

చేస్తున్నది ఇదీ. కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, పాత నాచంతా తీసేసి, పెద్ద బెరడు ముక్కలతో లోపలికి కనబడే ప్లాస్టిక్ కుండీలోకి మార్చాను. తూర్పు కిటికీ దగ్గర పెట్టాను, హీటరుకి దూరంగా. వేళ్ళు తడిగా ఉంటే పచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తాయి. వెండిరంగు వచ్చాక సింకులో పెట్టి, నీళ్ళు ధారగా పోసి, పూర్తిగా ఓడ్చేస్తాను. ఆకుల మధ్య నీళ్ళు నిలిస్తే కాగితంతో అద్దేస్తాను. మామిడికొమ్మ మీద ఉన్నట్టు దీన్ని అసలు తడపకుండా వదిలెయ్యడమూ కుదరదు. ఇది అంత మొండి రకం కాదు. ఏప్రిల్లో కిందాకు పక్కనించి కొత్త వేరు ఒకటి బయటికొచ్చింది, కొన ఆకుపచ్చగా, అగ్గిపుల్లంత. ఫోటో తీసి ఆవిడకి పంపాను.

జూన్లో మనవరాలి పెళ్ళికి ఇటొస్తోందట, చూస్తానంది. ఇవాళ శుక్రవారం, పోసి ఎనిమిదిరోజులైంది. ఇప్పుడే వెళ్ళి చూశాను. కుండీ అడుగున వేళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి.